అమ్మ ముక్కుపుడక ఏ వైపు

మాధవరం పాల కాలనీ వెనక ఒక పాత గోడౌను ఉంది. ఒకప్పుడు అందులో పశువుల దాణా మూటలు వేసేవాళ్ళు. ఇప్పుడు కాళ్ళూ చేతులూ వేస్తున్నారు. భయపడకండి, మట్టివే. వాటిని చేసే అమ్మాయి దగ్గర నాలుగేళ్ళుగా వంట చేస్తున్నాను.

ఆ పిల్లది గోదావరి పక్క. కంప్యూటరు ఉద్యోగానికి ఈ ఊరు వచ్చింది. చల్లటి గదిలో మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టి జీతం ఇస్తుంటే పాపం ఆ కష్టం భరించలేకపోయింది. మానేసి, చెన్నై ఎండలో, రేకుల కప్పు కింద, మోచేతుల దాకా మట్టి పూసుకుని, ఇప్పుడు హాయిగా ఉన్నానంటుంది. ఉండనీ. మా పేటలో పిల్లల చేతులకి మట్టి అంటకుండా కంప్యూటరు చదువులు చదివించడానికి ఎంతమంది ఎన్ని పాట్లు పడ్డారో ఆమెకి నేను చెప్పలేదు. వంట చేసే మనిషికి అంత నోరు ఎందుకని.

పనిలో చేరిన మొదటి రోజు లోపలికి వెళ్ళి చూస్తే, నేల మీద మోకాలి చిప్పలు వరసగా ఆరబెట్టి ఉన్నాయి, అప్పడాల్లాగా. గోడకి చెవులు. మూలన ఒక వీపు. వీపంటే వీపే, ముందు వైపు బోలు. నిండు మనిషి ఒక్కరూ లేరు.

"ఏం పాపా, అన్నీ సగం సగం చేసి పెట్టుండావు?" అన్నాను.

"శరీరం అంటే జ్ఞాపకాలు దాచుకునే చోటు ఆంటీ. మెదడు మర్చిపోయినవి కూడా ఒళ్ళు గుర్తుపెట్టుకుంటుంది. నేను వెతుకుతున్నది ఆ కాన్షియస్‌నెస్ కోసమండి."

నా మోకాళ్ళు రోజూ మెట్లెక్కేటప్పుడు యాభై ఏళ్ళ సంగతులు ఒక్కటీ వదలకుండా గుర్తు చేస్తాయి. వాటిని మట్టితో చేసి గోడకి తగిలిస్తే జనం వచ్చి చూస్తారని నాకు తట్టలేదు. చదువు చదువే.

ఆమెకి ఇంకొక అలవాటు ఉంది. చక్రాల మీద నడిచే నిలువుటద్దం ఒకటి పెట్టుకుంది. సాయంత్రం పని ఆపే ముందు దాన్ని తోసుకొచ్చి బొమ్మ ఎదురుగా పెట్టి, తాను బొమ్మ వెనక నిలబడి అద్దంలోకి చూస్తుంది. ఎందుకంటే, ఒకే వైపు చూసి చూసి కళ్ళు అలవాటు పడిపోతాయట, అద్దంలో కుడి ఎడమలు తారుమారై కనపడితే వంకర ఎక్కడుందో బయటపడుతుందట. ముక్కు మీద ఎండిన మట్టితో సాయంత్రం దాకా తిరిగే పిల్ల, తన మొహానికి మాత్రం ఆ అద్దం వాడగా నేను చూడలేదు.

జ్ఞాపకం సంగతి నాకు ఇంకొకరు చెప్పాలా? అయిదో తరగతితో బడి మానేశాను కాబట్టి బుర్ర నిండా చోటు మిగిలిపోయింది. మా వాషర్‌మెన్‌పేట్ వీధిలో ఎవరి పెళ్ళిలో ఎవరు అలిగారు, అలిగినవాళ్ళు ఆ పూట ఎన్ని వడలు తిన్నారు, ఏ బిడ్డ ఏ వానలో పుట్టింది, ఇవన్నీ నన్నే అడుగుతారు. మా తమ్ముడు అనేవాడు, "చిన్నక్క ఉండే వీధికి కెమెరా ఎందుకు?" అని. వాడు వెటకారానికి అన్నాడు. నేను మాత్రం మెచ్చుకోలుగానే తీసుకున్నాను.

ఇంత జ్ఞాపకం ఉన్న ఇంట్లో మా అమ్మకి ఫోటో లేదు.

అసలు ఒకటి ఉంది. తమ్ముడికి చెవులు కుట్టిన రోజు నాన్న వాడిని స్టూడియోకి తీసుకుపోయాడు. కుర్చీలో కూర్చోబెడితే పక్కకి ఒరిగిపోతున్నాడని అమ్మ వెనకనుంచి పట్టుకుంది. ఫోటోగ్రాఫరు మహానుభావుడు. బిడ్డ ఫోటోలో తల్లి అడ్డం ఎందుకనుకుని చక్కగా తప్పించాడు. ఇప్పుడు ఆ ఫోటోలో మా తమ్ముడు బోర్లా పెట్టిన బిందెలాంటి పొట్టతో, చెవులకి పోగులతో దర్జాగా ఉంటాడు. రెండు పక్కలనుంచీ గాజుల చేతులు రెండు వచ్చి వాడిని పట్టుకుని ఉంటాయి. అవి అమ్మవి. అమ్మ తన జన్మలో తీయించుకున్న ఒకే ఒక్క ఫోటోకి హీరో మా తమ్ముడు.

అమ్మ పోయినప్పుడు అక్కకి పదిహేను, నాకు పదకొండు, తమ్ముడికి ఆరు. నాన్న కూడా పోయి చాలా కాలమైంది. అమ్మ మొహం చూసినవాళ్ళం ఇప్పుడు ముగ్గురమే మిగిలాం.

ఏటా ఆడి నెలలో, తమిళుల ఆషాఢంలో, అమ్మకి పడయల్ పెడతాం. పోయినవాళ్ళకి ఇష్టమైనవన్నీ వండి ఆకులో వడ్డించి పిలవడం. ముత్తైదువగా పోయింది కాబట్టి ఇత్తడి చెంబులో నీళ్ళు పోసి, చెంబుకి పసుపు ముద్దతో మొహం చేసి, కొత్త చీర చుట్టి, పూలు పెడతాం. ఆ మొహం చేసేది నేనే. కళ్ళకి కాటుక దిద్ది, బొట్టు పెట్టి, చివరికి అమ్మ ముక్కుపుడక తీసి గుచ్చుతాను. ఎర్ర రాళ్ళది, ఏడాదంతా డబ్బాలో దూదిలో పడుకుని ఆ ఒక్క రోజు లేస్తుంది.

గొడవంతా ఆ ముక్కుపుడక దగ్గరే. నేను ఎడమ వైపు పెడతాను. అక్క కుడి వైపంటుంది.

"మనోళ్ళలో ఎడం పక్క కుట్టించుకునేది ఎవురే?" అని ఏటా అడుగుతుంది.

"మా అమ్మ ఒకతే," అని ఏటా చెబుతాను.

"మీ అమ్మా? నాకెవురో?"

"చిన్నప్పుడు ముక్కు కుట్టినాయన పొరపాటున ఆ పక్క కుట్టేసినాడు. అట్నే వదిలేసినారు."

"ఎవురు చెప్పినారే నీకు?"

"నాకు తెలుసు."

ఎవరూ చెప్పలేదు. కాని అంత స్పష్టంగా కనిపించే మొహానికి ఒక కారణం ఉండాలి కదా, అందుకని నేనే సమకూర్చాను. చాలా ఏళ్ళు చెప్పాను కాబట్టి ముక్కు కుట్టినాయన మీసాలు కూడా నాకు కనిపించేవి. అంతటితో ఆగానా? నా పెళ్ళికి ముందు ముక్కు కుట్టించుకుంటూ పట్టుబట్టి ఎడమ వైపే కుట్టించుకున్నాను, అమ్మలాగా. ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే ఎక్కడా అమ్మ పోలిక కనపడలేదు. ముక్కు నాన్నది కదా, ఏం చేస్తాంలే అని నాన్న మీదికి తోసేశాను. తర్వాత నా కూతురికీ ఎడమ వైపే కుట్టించాను. అది ఏడ్చింది. "మీ అవ్వ గుర్తు" అని చెప్పి నోరు మూయించాను.

కిందటేడు పడయల్ నాడు అక్క ఎప్పటిలా గొణిగి ఊరుకోలేదు. ఆకు ముందు నిలబడి అందరి ముందూ అంది: "నువ్వు పెట్టే ఈ మొహం చూసి, ఇది ఎవురిదో ఇల్లు అనుకోని అమ్మ గడప కాడనుంచే తిరిగి పోతా ఉంటాది. ఇన్నేళ్ళూ నువ్వు వండింది కాకులకే."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రోజు అన్నం మాత్రం సహించలేదు. నేను ఎవరికో ముక్కుపుడక పెడుతూ వచ్చానా? అక్క గుర్తు నిజమైతే, నేను ఇన్నాళ్ళూ కళ్ళు మూసుకుంటే కనిపించే ఆమె ఎవరు?

అందుకని ఒక మధ్యాహ్నం ఆ పిల్లకి చారన్నం వడ్డిస్తూ అడిగాను. "పాపా, ఫోటో లేని మనిషిని చెయ్యగలవా? నేను చెప్తా, నువ్వు చెయ్యి. నిండు తల కావాల. సగం వద్దు."

ఆమె కంచంలో చెయ్యి ఆపేసింది. కళ్ళల్లో ఆ వెలుగు నాకు తెలుసు. నా కష్టం ఎవరికైనా కళగా కనిపించినప్పుడు వచ్చే వెలుగు అది.

"మీ మెమరీ నుంచి? ఫోటో ఒక్కటి కూడా లేకుండా? అబ్బ, ఇలాంటి ప్రాజెక్టు కోసమే చూస్తున్నానండి!"

మా అమ్మ చచ్చిపోయి ఒకరికి ప్రాజెక్టుగా పనికొచ్చింది. సంతోషం.

ఆ తర్వాత రోజూ వంట అయ్యాక ఒక గంట. నేను చెక్క బల్ల మీద కూర్చుని చెబుతుంటే ఆమె బంకమట్టిని అదుముతూ ఉండేది. ప్రశ్నలు ఒకటా రెండా? "కనుబొమ్మలు ఎలా ఉంటాయి?" "కలిసీ కలవనట్టు." "ఎంత దూరం?" "బొట్టు పట్టేంత." "పెదవి?" "కింద పెదవి కొంచెం ముందుకు. అప్పడం విరిగిందేమో అని చూస్తా ఉండేదాని మాదిరి." ఎడమ కనుబొమ మీద మచ్చ పెట్టించాను. వీధి చివర చేతిపంపు పిడి ఎగిరి తగిలిన గాయం అది. ఎడమ ముక్కుకి చిన్న గుంట పెట్టించాను, పుడక కోసం.

కొన్ని రోజులు ఆ మట్టిలోకి ఎవరెవరో వచ్చి పోయారు. ఒక రోజు మా పాత ఇంటి ఓనరమ్మ వచ్చింది. ఇంకో రోజు అచ్చం మా పిన్ని మొగుడు. చివరికి ఒక రోజు నేను గిన్నెలు కడుక్కుని చేతులు తుడుచుకుంటూ వచ్చేసరికి, ఆ పిల్ల కింద పెదవి బొటనవేలితో కొంచెం ముందుకు లాగి పక్కకి జరిగింది.

అమ్మ.

నిజంగా అమ్మే. ముప్పై మూడేళ్ళ అమ్మ, తన కంటే పాతికేళ్ళు పెద్దదైన నన్ను ఎవరివమ్మా నువ్వన్నట్టు చూస్తోంది. నేను నేల మీద కూర్చుండిపోయాను. ఆ పిల్ల నీళ్ళు తెచ్చి ఇచ్చింది. మంచి పిల్లే. నీళ్ళు ఇచ్చాక, నేను ఏడుస్తుండగా నా వీపు ఎలా కదులుతోందో కాగితం మీద గీసుకుంది కూడా.

మరుసటి ఆదివారం అక్కనీ తమ్ముడినీ పిలిపించాను. గెలిచిన మనిషి ఓడినవాళ్ళని పిలిచినట్టే పిలిచాను, దాచుకోవడం ఎందుకు. కేసరి కూడా చేసి ఉంచాను.

అక్క వాషర్‌మెన్‌పేట్ నుంచి బస్సులో వచ్చింది, వస్తూనే బస్సునీ ఎండనీ మాధవరాన్నీ వరసగా తిట్టింది. తమ్ముడు పెరంబూరు నుంచి బండి మీద వచ్చాడు. వాడు రైలు పెట్టెలు తయారుచేసే చోట పని చేస్తాడు. ఏ వస్తువు కనపడినా ముందు కొలుస్తాడు, తర్వాత అదేమిటో అడుగుతాడు.

తడిగుడ్డ తీశాను. అక్క కళ్ళజోడు సర్దుకుని వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"బాగుండాది," అంది. "ఎవురిది?"

"ఎవురిదేందే! అమ్మ!"

"అమ్మా? అమ్మ మాదిరే ఉండాది. అమ్మ కాదు. అమ్మకి అక్కో చెల్లెలో ఉంటే ఇట్టా ఉంటాది. నాకేమో నీ అత్త మాదిరి కూడా కనపడతా ఉండాది."

మా అత్తగారి పేరెత్తడం కావాలనే. నేను తమ్ముడి వైపు చూశాను. వాడు తల చుట్టూ ఒకసారి తిరిగి, ముక్కు పొడవు వేళ్ళతో కొలిచి, ఏమనుకున్నాడో ఉన్నట్టుండి నేల మీద వెల్లకిలా పడుకున్నాడు. బల్ల అంచు కిందికి జరిగి పైకి చూశాడు.

"ఏమైందిరా నీకు?" అంది అక్క.

"ఉండు పెద్దక్కా. నేను అమ్మను చూసింది అంతా ఒళ్ళో పండుకోనే గదా. నిలబడి చూస్తే నాకేం తెలస్తాది?" కిందనుంచే చెయ్యి ఊపాడు. "గడ్డం కరెక్టు. గడ్డం కింద మడత కూడా కరెక్టు. ముక్కు బొక్కలు సెరి. ఆపైన నా డిపార్టుమెంటు కాదు."

ఆ పిల్ల కాగితం మీద రాసుకోవడం మొదలుపెట్టింది. మా ఇంటి పరువు పోతుంటే పక్కన కూర్చుని రాసుకునేవాళ్ళు ఉండడం మాకు అదే మొదలు.

"ముక్కుపుడక తప్పు," అంది అక్క. "మచ్చ కూడా తప్పు. పంపు కాడ దెబ్బ తగిలినప్పుడు కొంగుతో అదిమి పట్టింది నేను. నువ్వా? నువ్వు బెల్లం ముక్క కోసం ఇంట్లో ఏడుస్తా ఉండావు. ఈ పక్క తగిలింది."

"నాకు కండ్లకు కట్టినట్టు ఉండాది అక్కా! ఎడమే!"

"నీకు ఆ ముక్కు కుట్టినోడి మీసం కూడా కండ్లకు కట్టినట్టే ఉండాది గదా."

తమ్ముడు కిందనుంచి నవ్వాడు. అక్క నన్ను వదిలేసి, వెనక భాగమన్నా సరిగ్గా ఉందో లేదో చూద్దామని తల వెనక్కి వెళ్ళింది. మెడ వెనక ఎముక తడిమి, "ఈడ ఇంకా ఎత్తుండాల, బిందె నెత్తిన పెట్టినప్పుడు ఈ ఎముక లేస్తాది" అని ఆ పిల్లకి పాఠం చెప్పసాగింది. ఆ పిల్లకి మా గోల విన్నాక మొహంలో వంకర ఏమన్నా ఉందేమో అని అనుమానం వచ్చినట్టుంది. అలవాటు ప్రకారం అద్దాన్ని తోసుకొచ్చి బొమ్మకి ఎదురుగా నిలిపింది.

మెడ ఎముక గురించి చెబుతూ చెబుతూ అక్క తలెత్తింది. మాట సగంలో ఆగిపోయింది.

మా అక్క మాట సగంలో ఆగడం నేను యాభై ఏళ్ళలో చూడలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అద్దంలోకి చూస్తూ, బొమ్మ భుజం ఉండాల్సిన చోట గాలిలో చెయ్యి పెట్టి నిలబడింది.

"ఇదేనే," అంది మెల్లగా. "అమ్మ ఇదే. అద్దంలో ఉండాది చూడు."

నేను వెళ్ళి ఆమె పక్కన నిలబడి చూశాను. అద్దంలో ఒక ఆడమనిషి ఉంది. బాగుంది. మా అమ్మకి అక్కో చెల్లెలో ఉంటే అలా ఉంటుంది.

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. తమ్ముడు లేచి కూర్చుని, "ఇంగ ఏందే మీకు, ఇద్దరికీ దొరికింది గదా" అన్నాడు.

అప్పుడు ఆ పిల్ల అడిగింది. ఇన్ని రోజుల్లో ఆమె అడిగిన ప్రశ్నల్లో పనికొచ్చింది అదొక్కటే. "ఆంటీ, మీకు గుర్తున్న మొహం, మీరు ఎక్కడ కూర్చుని చూసింది?"

ఎక్కడ కూర్చుని ఏమిటి? ఇంట్లో. ఇంట్లో ఎక్కడ? గోడ దగ్గర. అమ్మ నాకు జడ వేసేటప్పుడు. పొద్దున్నే బడికి ముందు నన్ను పీట మీద కూర్చోబెట్టి, వెనకనుంచి మోకాళ్ళతో నా భుజాలు కదలకుండా బిగించి, దువ్వెనతో చిక్కులు తీసేది. ఏడిస్తే నెత్తిన ఒక మొట్టికాయ. మిగతా రోజంతా అమ్మ ఒక దగ్గర నిలిచిన మనిషి కాదు. పొయ్యి మీదికి వంగి, బట్టల మూట మీదికి వంగి, పంపు దగ్గర వంగి, నాకు కనపడేది వీపే. జడ వేసేటప్పుడు ఒక్కటే అమ్మ మొహం కదలకుండా నా ఎదురుగా ఉండేది.

"వెనక కూర్చుంటే ఎదురుగా ఎలా ఉంటారండీ?"

"గోడకి అద్దం ఉండేది గదా పాపా. తగరపు చుట్టు అద్దం. అందులో—"

అక్కడ నాకే వినపడింది నేనేం అన్నానో.

అక్క ఒక మాట అనొచ్చు. ఇన్నేళ్ళ బాకీ తీర్చుకోవచ్చు. అనలేదు. అది ఇంకా కష్టంగా ఉంది నాకు. చివరికి, "నేను రుబ్బురోలుకి ఈ పక్క, అమ్మ ఆ పక్క," అంది, తప్పు తనదే అన్నట్టుగా. "పిండి తోస్తా తోస్తా మొహంలోకి మొహం చూసేదాన్ని. అందుకే నాకు తెలుసు. నీకు తెలివి లేక కాదులే."

ఆ పిల్ల మాత్రం సంతోషం పట్టలేక అటూ ఇటూ నడిచింది. ఒక తల్లి, ముగ్గురు పిల్లలు, ఒకరు కిందనుంచి, ఒకరు ఎదురుగా, ఒకరు అద్దంలోంచి అని ఏదేదో ఇంగ్లీషులో ఫోనులోకి చెప్పుకుంది. కేసరి కూడా తినలేదు. తమ్ముడు రెండు వాటాలు తిన్నాడు.

సాయంత్రం ఇంటికెళ్ళి కూతురికి ఫోను చేసి విషయం చెప్పాను.

"అంటే అమ్మా, నా ముక్కు?"

"ఏం ముక్కు?"

"మా అవ్వ గుర్తని కుట్టించినావే, ఏడిస్తే నోరు మూసినావే, ఆ ముక్కు. ఇప్పుడు ఎవురి గుర్తని చెప్పుకోవాల నేను?"

"అద్దం గుర్తని చెప్పుకో," అని ఫోను పెట్టేశాను. మధ్యాహ్నం నుంచీ పట్టి ఉంచిన ఏడుపు అప్పుడు వచ్చింది. ఏడుస్తూ మధ్యలో నవ్వొచ్చింది. ఆ ముక్కు కుట్టినాయన, మీసాలతో సహా, నా బుర్రలోంచి తట్టాబుట్టా సర్దుకుని పోతున్నాడు.

తలని కాల్చి గట్టిపడ్డాక ఇంటికి తెచ్చుకుందామనుకున్నాను. అక్క ఒప్పుకోలేదు. మొండెం లేని తల ఇంట్లో పెట్టుకోకూడదట. "పెట్టుకుంటే ఒంటికి కూడా మట్టి తెచ్చి చేయించు, నీ గదిలో నిలబెడతాం. నువ్వు మెట్ల మీద పండుకో," అంది. నా ఇంటి కొలతకి అది నిజమే. అలా అమ్మ ఎగ్జిబిషనుకి పోయింది.

నేనూ వెళ్ళాను. అది చల్లటి హాలు. కంప్యూటరు ఆఫీసు చలికి పారిపోయి వచ్చిన పిల్ల తన బొమ్మల్ని మళ్ళీ అదే చలిలో పెట్టింది. అమ్మ తలని ఒక దిమ్మ మీద పెట్టి, ముందు ఒక పీట వేసి, పీటకి ఎదురుగా అద్దం తగిలించింది. పీట మీద కూర్చున్నవాళ్ళకి తమ భుజం వెనక అమ్మ కనపడుతుంది. పక్కన కాగితం మీద చాలా రాశారు. ఒకాయన అది చదివి, పీట మీద కూర్చుని, అమ్మని చూసి, తన భార్యతో "ఇది లేకపోవడం గురించి" అన్నాడు. ఉన్నదాన్ని ఎదురుగా పెట్టుకుని లేకపోవడం గురించి మాట్లాడాలంటే ఎంత చదవాలో! నాకు ఆయన వెనక్కి వెళ్ళి ఆయన నెత్తిన ఒక మొట్టికాయ వెయ్యాలనిపించింది. అప్పుడు పూర్తిగా అర్థమయ్యేది ఆయనకి.

అందరూ కూర్చుని ఫోనుల్లో ఫోటోలు తీసుకున్నారు. అమ్మ బతికి ఉండగా ఆమెకి ఒక ఫోటో తియ్యడానికి ఒక ఫోటోగ్రాఫరుకి చేతులు రాలేదు. ఇప్పుడు ఊళ్ళో ముక్కూమొహం తెలియనివాళ్ళ ఫోనుల్లో మా అమ్మ ఉంది, వాళ్ళ భుజాల మీదుగా తొంగి చూస్తూ. నేను మాత్రం పీట మీద కూర్చోలేదు. ఆ అద్దంలో ఉన్నది అక్క అమ్మ. మా అమ్మ కావాలంటే దిమ్మకి ఎదురుగా నిలబడి చూడాలి. అక్కడ నేనొక్కదాన్నే నిలబడ్డాను. కాపలా మనిషి వచ్చి, దారికి అడ్డం తొలగమన్నాడు.

ఈ ఏడు ఆడి నెల వచ్చింది. ముగ్గురం మా ఇంట్లోనే చేరాం. వంట అయింది. చెంబులో నీళ్ళు పోశాను, పసుపు తడిపాను, మొహం చేశాను. కాటుక, బొట్టు. డబ్బాలోంచి ముక్కుపుడక తీశాను. చెయ్యి దాని దారిన అది ఎడమకి పోయింది. ఆ పిల్ల చెప్పింది నిజమే, ఒళ్ళు మర్చిపోదు.

అక్క చూస్తోంది. తమ్ముడు ఆకులో వడలు లెక్కపెడుతున్నట్టు నటించాడు.

అమ్మ గడప దాకా వచ్చి తిరిగి పోకూడదు. ఆమె తన ముక్కుపుడక ఏ వైపు ఉందో ఎరిగిన మనిషే కదా. పుడకని కుడి వైపు గుచ్చాను.

"వచ్చింది," అంది అక్క. ఒక్క మాటే. కర్పూరం వెలిగించింది.

నేను చేతులు జోడించి చూశాను. చక్కగా ఉంది. ఎవరో పెద్ద ముత్తైదువ మా ఇంటికి భోజనానికి వచ్చినట్టుంది. గౌరవంగా దండం పెట్టాను. కానీ అలాంటివాళ్ళతో మనసులో మాట చెప్పుకోవడం ఎలా?

లేచి బీరువా మీదినుంచి తగరపు అద్దం తీశాను. ముక్కుపుడక ముగ్గురిదీ, అమ్మ వస్తువుల్లో నా వాటాకి వచ్చింది ఈ అద్దం ఒక్కటే. చుట్టూ తుప్పు, మధ్యలో మరకలు. చెంబుకి వీపు పెట్టి నేల మీద కూర్చుని, అద్దం మొహానికి ఎదురుగా పట్టుకుని కొంచెం పక్కకి తిప్పాను. నా భుజం వెనక, కర్పూరం పొగలో, పసుపు మొహం, పుడక ఉండాల్సిన చోట ఉంది.

అమ్మ.

"ఏందే ఇది!" అక్క గొంతు. "పడయల్ పెట్టి అమ్మకి వీపు చూపిస్తా సింగారం చేసుకుంటా ఉండావా?"

అద్దం కదలకుండా పట్టుకున్నాను. అక్కకి ఎప్పుడు అర్థమైందో తెలియదు. కాసేపటికి నా వెనక గాజులు కదిలాయి. ముసలి మోకాళ్ళు రెండు నా భుజాల్ని రెండు వైపులా బిగించాయి. నా ముడి ఊడింది.

"ఉండేది నాలుగు ఎంటికలు," అంది అక్క, దువ్వెన దింపుతూ. "దీనికి జడ ఒకటి."

"అక్కా."

"ఏందే?"

"నెత్తి కొంచెం పక్కకి పెట్టు. అమ్మకి అడ్డం వస్తా ఉండావు."

నెత్తిన ఒక మొట్టికాయ పడింది.